తారీఖు బయటికి

ఆమదాలవలసలో ఒక టైర్ల షాపులో మూడేళ్ళు కౌంటరు దగ్గర పనిచేశాను. ఇప్పుడు మానేశాను. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి మొన్న రైల్లో కనబడి, "అక్కా, అక్కడ ఏం నేర్చుకున్నావు?" అని అడిగింది. ఇంతలో పొందూరు వచ్చేసింది. జవాబు చెప్పకుండానే దిగిపోయాను. మాట్లాడవలసిన చోట దిగిపోవడం నాకు మొదటినుంచీ ఉన్న గుణమే. అందుకే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయికీ, తనలాగే మొదటి ఉద్యోగంలో చేరినవాళ్ళకీ.

నా పని పెద్దదేమీ కాదు. వచ్చిన బండి నంబరు, వాళ్ళ ఫోను నంబరు, టైరు రకం, సైజు, పట్టిన గాలి ఎంతో కార్డు మీద రాయాలి. మిగతా సమయంలో టైర్ల దొంతర వెనక కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. తెచ్చుకున్న పుస్తకం అయిపోతే టైర్ల కంపెనీలు పంపే కేటలాగులు చదివేదాన్ని. అచ్చులో ఉన్నదేదీ వదిలే అలవాటు లేదు. చదివినదాంట్లో నచ్చింది ఇంటికెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని. "ఒక్కో టైరు నేలను తాకేది అరచెయ్యంత మేరే" అని ఒకరోజు డైరీలో రాసుకుని, ఆ పేజీని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. టన్ను బరువున్న బండి, అందులో నలుగురు మనుషులు, నాలుగు అరచేతుల మీద పరిగెడుతున్నారు! అది తెలిశాక రోడ్డు మీద ఏ కారును చూసినా గుండె కొంచెం ఆగేది.

షాపులో నేను కాక ఇద్దరే ముఖ్యులు. ఓనరు గారు వ్యవసాయం ఇంటి మనిషి. ఊడ్పుల రోజుల్లో పొద్దున్న పొలం చూసుకుని, కాళ్ళు కడుక్కుని, తెల్ల చొక్కా వేసుకుని షాపుకి వచ్చేవారు. రెండో ఆయన టైర్లు బిగించే మేస్త్రి. అరవై దాటాయి. షాపులో, వీధిలో అందరూ ఆయన్ని మావ అనే పిలుస్తారు. చదువు రాదు. కానీ టైరు మీద అరచెయ్యి వేసి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పితే, ఆ బండి ఎక్కడ తిరుగుతుందో, నడిపేవాడు ఎలాంటివాడో చెప్పేవాడు.

ఇక మా షాపు ఆచారం ఒకటుంది. ప్రతి టైరుకీ ఒక పక్క గోడ మీద నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. ఏ సంవత్సరం, ఎన్నో వారంలో తయారైందో ఆ అంకెలు చెబుతాయి. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు టైరు కొనేముందు ధర కంటే ముందు అదే అడుగుతారు. "ఎప్పటి సరుకు? గోదాంలో ఎండిపోయిందేటి?" ఎప్పుడో ఒకాయన, మీరు పాత టైరు అంటగట్టారని షాపు ముందు పెద్ద గొడవ చేశాడట. తీరా చూస్తే తారీఖు అంకెలు చక్రం లోపలివైపు ఉన్నాయి, ఎవరికీ కనబడవు. ఆ రోజునుంచి ఓనరు గారు ఒక రూలు పెట్టారు. తారీఖు ఉన్న పక్కే బయటికి రావాలి. నేను సుద్దముక్కతో ఆ అంకెల చుట్టూ సున్నా చుడతాను. సున్నా ఉన్న పక్క బయటికి పెట్టి మావ బిగిస్తాడు. చదువు రానివాడికి, మాట రానిదానికి మధ్య ఆ సుద్ద సున్నాయే భాష. ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది, ఆవిడ వచ్చేదాకా.

ఆవిడ సంగీతం టీచరు. గుడి సేవలో, పాటలో తరతరాలుగా ఉన్న కుటుంబం. యాభై దగ్గర పడిన మనిషి, నేత చీర, ముక్కుకి చిన్న రాయి. ఆమదాలవలస నుంచి పాతపట్నం దగ్గర ఉన్న బడికి రోజూ తనే కారు నడుపుకుంటూ వెళతారు. చిన్న ఎర్ర కారు. ఆ రోజు వచ్చి, మెల్లగా, బడిలో పాఠం చెప్పినట్టు చెప్పారు.

"నాలుగు టైర్లు కావాలండీ. రోజూ బడికి వెళ్ళాలి. మూడు నాలుగు నెలలకోసారి ఆటకీ పనికిరావాలి. రెండిటికీ ఒకటే."

"ఆటంటే ఏటి మేడమ్? పిల్లల ఆటలకి తీసుకెల్తారేటి?" అన్నారు ఓనరు గారు.

"కాదండీ. కార్ల ఆట. పెద్ద ఖాళీ స్థలంలో కోన్లు పెడతారు. ఒక్కొక్కరే వాటి మధ్యనుంచి తిప్పుకుంటూ వెళ్ళి రావాలి. గడియారం పట్టి ఎవరు తొందరగా వచ్చారో చూస్తారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమే, సరదాకి."

ఓనరు గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "మీరా?"

మావ నవ్వలేదు. అప్పటికే ఎర్ర కారు పక్కన గొంతుక్కూర్చుని అరచెయ్యి తిప్పుతున్నాడు. ముందు ఎడమ టైరు, వెనక ఎడమ టైరు. లేచి అటు వెళ్ళి కుడి ముందు టైరు దగ్గర చాలాసేపు ఆగాడు.

"టీచరమ్మా, ఎడం పక్క టైర్ల సెంపలు గీరుకుపోనాయి. రోజూ రోడ్డు దిగతన్నారు."

"కోతలయ్యాక రోడ్డంతా కళ్ళమే కదా మావయ్యా. ధాన్యం, ఉలవలు, అన్నీ తారు మీదే. ఎదురుగా లారీ వస్తే దిగక తప్పదు."

"అది సరే. కుడి ముందరిది సూడండి. బయటి అంచు పిట్ట ఈక లాగ లేసిపోనాది. ఎడం పక్కకి గట్టిగా కోసి తిప్పినోలికే ఇలగవుతాది. రోడ్డు మీద ఎవులూ ఇలగ తిప్పరు." ఆగి ఓనరు గారి వైపు చూశాడు. "ఈయమ్మ ఆడతాది. నవ్వకు."

టీచరు గారు మావ చేతివైపు చూశారు. నేనూ చూశాను. పుస్తకాల పురుగుని కదా, చదవడమంటే నాకే తెలుసనుకునేదాన్ని.

ఇక టైర్ల ఎంపిక మొదలైంది. ఓనరు గారు మెత్త రకం చూపించారు. గోటితో నొక్కితే గుర్తు పడేంత మెత్తన. "ఆటకి ఇదే మేడమ్, బంక లాగ అతుక్కుపోతాది." మావ తల అడ్డంగా ఊపాడు.

"బండి నెలకి ముప్పై రోజులూ రోడ్డు మీదే. ఆట ఏడాదికి నాలుగు రోజులు. నాలుగు రోజుల కోసం మెత్తది కొంటే, మిగిలిన రోజులు వానలో జారతాది, ఎండలో అరిగిపోతాది. రోడ్డుకి కొనండి. ఆటకి సరిపెట్టుకోండి."

"రోడ్డుకని మరీ గట్టిది కొంటే మలుపులో చెయ్యి వదిలేస్తుంది మావయ్యా," అన్నారు టీచరు గారు. "ఇప్పుడున్నవి అవే. ఉలవ పొట్టు మీద బ్రేకు వేస్తే బండి నా మాట వినదు."

రెండిటికీ మధ్యది ఒకటుంది. కేటలాగులో చదివాను. బయటి అంచున గట్టి దిమ్మలు, మలుపులో ఒరగకుండా. లోపలివైపు లోతు గాట్లు, నీళ్ళు తోడెయ్యడానికి. సైజు ఈ కారుకి సరిగ్గా అదే. చెప్పాలని నోరు తెరిచాను. మాట రాలేదు. కేటలాగు ఆ పేజీ దగ్గర తెరిచి, వేలు పెట్టి, బల్ల మీద ఆవిడ వైపు జరిపాను.

ఆవిడ చదివారు. నా వేలునీ, మొహాన్నీ మార్చి మార్చి చూశారు. "ఇదా అమ్మా?"

తలూపాను. మావ కేటలాగులో బొమ్మ చూసి, "ఆఁ, ఇది కుదురుతాది," అన్నాడు. ఓనరు గారు ఆర్డరు పెట్టారు. ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఒక్క పేజీ కూడా చదవలేదు. నేను ఎంచిన టైర్లు!

నాలుగో రోజున టైర్లు వచ్చాయి. ఉత్సాహంగా తారీఖులు వెతికి, నాలుగిటికీ సున్నాలు చుట్టాను. కొత్త రబ్బరు మీద తెల్లటి సుద్ద, ఎంత అందంగా పడిందో. మావ సున్నాలు బయటికి పెట్టి బిగించాడు. టీచరు గారు ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్ళారు.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చారు. మావ ఆ రోజు కూతురి ఊరు వెళ్ళాడు. "కొత్త టైర్లు బాగానే ఉన్నాయండీ. కానీ మలుపులో ఏదో చిన్న తేడా. మొదట సరే అంటుంది, తర్వాత ఆలోచిస్తుంది. తంబురాలో తీగ కొంచెం దిగినట్టు."

"కొత్త కదా మేడమ్. కొంత దూరం తిరిగితే సర్దుకుంటాది," అన్నారు ఓనరు గారు. తప్పుడు మాట కాదది, కొత్త టైరుకి ఎవరైనా చెప్పేదే.

నేను ఆ మాటని, 'తీగ కొంచెం దిగినట్టు' అన్నదాన్ని, అక్షరం పొల్లుపోకుండా డైరీలో రాసుకున్నాను. ఎంత చక్కటి పోలిక అనుకున్నాను. ఎందుకలా ఉందో అడగాలని తోచలేదు. మంచి వాక్యం దొరికితే దాని వెనక మనిషి కష్టం కనబడకపోవడం, చదువుకునేవాళ్ళకి వచ్చే జబ్బు.

ఆట రోజు ఆదివారం. విజయనగరం అవతల మూతపడిన ఒక జనపనార మిల్లు ఉంది. ఒకప్పుడు లారీలు నిలిపిన సిమెంటు ఆవరణలో అనుమతి తీసుకుని ఆట పెట్టారు. మందుల షాపు ఆయన, బ్యాంకు గుమాస్తా, ఫొటోలు తీసే అతను, ఇద్దరు ముగ్గురు కాలేజీ లెక్చరర్లు. ఇరవైమందికి పైగా. గాలి, పంచర్లు చూడమని మా షాపుని పిలిచారు. షాపు చిన్న ట్రక్కులో గాలి మిషను, జాకీలు, మావ సామాన్లు వేసుకుని ముగ్గురం వెళ్ళాం. రాత్రి కురిసిన వానకి నేల తడిగా ఉంది. ఇంకా తుంపర పడుతూనే ఉంది. ఒక పక్క పొడవాటి గోదాం గోడ, దాని ముందే చివరి మలుపు.

ఓనరు గారు హుషారుగా ఉన్నారు. కనబడినవాళ్ళందరికీ షాపు కాగితాలు పంచుతూ, "ఆ ఎర్ర బండి సూసారా? మా టైర్లే. మేడమ్ రెండిటికీ ఒకటే కావాలన్నాది, ఇచ్చినాం," అని చెబుతున్నారు.

నా పని ప్రతి కారు దగ్గరా కూర్చుని గాలి ఎంతుందో రాయడం. మందుల షాపు ఆయన కారు దగ్గర కూర్చున్నాను. ఆయనవీ అదే రకం టైర్లు, విశాఖపట్నంలో ఎక్కడో వేయించుకున్నారు. అలవాటుగా తారీఖు కోసం చూశాను. బయటివైపు లేదు. దాని బదులు చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో 'అవుట్‌సైడ్' అని ఉంది.

ఎక్కడో చదివాను ఇది. ఎక్కడో కాదు, నేను వేలు పెట్టి చూపించిన పేజీలోనే, కింద. ఈ రకానికి రెండు పక్కలూ ఒకటి కాదు, బయటిపక్క బయటికే ఉండాలి అని. డైరీలో కూడా రాసుకున్నాను.

లేచి ఎర్ర కారు దగ్గరికి నడిచాను. పరిగెత్తలేదు, పరిగెడితే ఎవరైనా అడుగుతారు. వంగి చూశాను. నా సుద్ద సున్నా ఎప్పుడో వానకి కొట్టుకుపోయింది. తారీఖు అంకెలు బయటికే, చక్కగా కనబడుతున్నాయి. వాటికి జానెడు దూరంలో 'ఇన్‌సైడ్' అని ఉంది. నాలుగూ అంతే. మలుపులో కాచవలసిన గట్టి అంచులు లోపలికి పోయాయి, నీళ్ళు తోడవలసిన గాట్లు బయటికి వచ్చాయి. రెండు వారాలకు పైగా ఆవిడ అలాగే రోజూ బడికి వెళ్ళి వచ్చారు. ఇంకాసేపట్లో ఈ తడి నేల మీద, ఆ గోడ ముందు, వీలైనంత వేగంగా తిప్పబోతున్నారు.

చెప్పకపోయినా ఏమీ కాకపోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, అబద్ధమెందుకు? సోమవారం మెల్లగా ఓనరు గారికి చెప్పి, ఏదో వంకతో పిలిపించి మార్చెయ్యొచ్చు. కానీ గోడ అక్కడే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

మావ ట్రక్కు దగ్గర టీ తాగుతున్నాడు.

"మావా, టీచరు గారి టైర్లు తిరగేసి బిగించాం."

"ఏటీ?"

ఎర్ర కారు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బొటనవేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టాను. "ఇది లోపలికి ఉండాలి అని రాసుంది. మొదటి అక్షరం నిలువు గీత. రెండో పక్క సున్నాతో మొదలవుతుంది. అది బయటికి ఉండాలి."

మావ ఆ గీతని రెండుసార్లు తడిమాడు. తర్వాత తడి నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి చక్రం వెనక్కి పోనిచ్చి, బురదలో వెతికాడు. సున్నా దొరికినట్టుంది. చెయ్యి అక్కడే ఆగింది. నలభై ఏళ్ళుగా టైర్లు చదివిన చెయ్యి.

లేచి, "సుద్ద ఎవులు సుట్టినారు?" అన్నాడు.

"నేనే."

"బిగించింది నాను. సగం సగం." చేతులు తుడుచుకున్నాడు. "సెప్పడం నీ పని. తిప్పడం నా పని. బేగి ఎల్లు."

టీచరు గారి చుట్టూ పదిమంది ఉన్నారు. హెల్మెట్ చేతిలో పట్టుకుని ఎవరితోనో నవ్వుతున్నారు. ఓనరు గారు అక్కడే ఉన్నారు, కాగితాలతో. నేను వెళ్ళి నిలబడ్డాను. ఎవరూ చూడలేదు. నన్ను సాధారణంగా ఎవరూ చూడరు, అందుకు నేను సంతోషిస్తాను కూడా. ఆ రోజు మాత్రం అది పనికిరాలేదు.

"టీచరు గారూ," అన్నాను. "మీ టైర్లు నాలుగూ లోపలిపక్క బయటికి పెట్టి బిగించాం. నేను గుర్తు తప్పు పెట్టాను. మీరు మలుపులో తేడా ఉందని చెప్పారే, అది ఇదే. ఇలా తిప్పకండి."

అందరూ తిరిగి చూశారు. ఓనరు గారి మొహం ఎర్రబడింది. "ఒసే అమ్మాయ్, ఇదేటే? సోమవారం షాపులో సెప్పుకోకూడదేటే?"

"సోమవారం నేను వానలో బడికి వెళ్ళాలండీ," అన్నారు టీచరు గారు. కోపంగా కాదు. నావైపు తిరిగి, "ఇప్పుడు మార్చడం అవుతుందా?" అన్నారు.

మావ అప్పటికే జాకీతో వచ్చేశాడు. "మీ ముందు ఎంతమంది ఉన్నారు టీచరమ్మా?"

"పద్నాలుగు మంది."

ఆట నడిపే బ్యాంకు గుమాస్తా గడియారం చూసుకున్నాడు. "ఆఖరికి పెడతాను మేడమ్. గంట. అంతకంటే ఆపలేను, వాన ముదిరితే అనుమతి లేదు."

"గంటలో నాలుగా?" అని ఎవరో గొణిగారు. షాపులో మిషను ఉంటుంది, రిమ్ము నుంచి టైరు ఊడదీసేది, బరువు సరిచూసేది. ఇక్కడ మావకి రెండు ఇనప కడ్డీలు, జాకీ, సబ్బు నీళ్ళు, గాలి మిషను. అంతే.

ఒక కుర్రాడు తెలివిగా అన్నాడు. "తాతా, అంత కష్టం దేనికి? ఎడమ చక్రాలు కుడికి, కుడివి ఎడమకి మార్చేస్తే సరిపోదా?"

"ఒరే, సొక్కా తిరగేసి తొడుక్కుని, అటుసెయ్యి ఇటు పెడితే సొక్కా సరిగ్గా అయిపోతాదేటిరా? తప్పుకో."

నవ్వులు. ఆ నవ్వుల్లోనే మొదటి చక్రం ఊడింది.

గాలి తీసేసి, చక్రాన్ని మా ట్రక్కు కింద పడుకోబెట్టాడు. టైరు మీద జాకీ నిలబెట్టి, పైన ట్రక్కు అడుగుకి ఆనించి, ఎక్కించాడు. ట్రక్కు బరువంతా టైరు చెంప మీద పడి, రిమ్ముని పట్టుకున్న అంచు 'ఫట్' మని విడిపోయింది. లాగి, సబ్బు నీళ్ళు రాసి, రెండు కడ్డీలతో అంచు చుట్టూ నడిచాడు. నడిచాడు అనే అంటాను. ఆ కడ్డీలు ఒకదాని వెనక ఒకటి అడుగులు వేసినట్టే వెళ్ళాయి. ఎక్కడా రబ్బరు చిరగలేదు, ఎక్కడా రెండోసారి పెట్టలేదు. టైరు ఊడింది, తిరిగింది, ఎక్కింది. గాలి పట్టగానే అంచులు రెండూ 'టప్', 'టప్' మని కూర్చున్నాయి.

రెండో చక్రం దగ్గర జాకీ తిప్పడానికి ఎవరో కూర్చున్నారు. చూస్తే ఓనరు గారు. తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, మోకాళ్ళ దాకా బురద.

"ఎక్కించనా మావా?"

"ఎక్కించు. మెల్లగ. నీ పొలం కాదిది, తొక్కెయ్యడానికి."

నేను సబ్బు నీళ్ళు రాశాను, నట్లు వరసగా పేర్చాను, ప్రతి టైరుకీ సున్నా వెతికి మావ వేలు దాని మీద పెట్టాను. మూడో టైరుకి ఆయనే ముందు వెతుక్కున్నాడు. నా చెయ్యి అవసరం లేకపోయింది.

అసలు చూడవలసింది ఆ తర్వాత ఉంది. తిరగేసి ఎక్కించిన చక్రం బరువు ఒక పక్కకి లాగుతుంది. వేగంలో అదిరిపోతుంది. మిషను లేదు. మావ కారు వెనక భాగం జాకీ మీద లేపి, బరువు సరిచెయ్యడానికి రిమ్ము అంచుకి పెట్టిన పాత సీసం ముక్కలు పీకేసి, చక్రాన్ని వెనక ఇరుసుకి తగిలించి, చిటికెన వేలితో తిప్పి వదిలేశాడు. అది తిరిగి తిరిగి, ఆగి, కొంచెం వెనక్కి వచ్చి, నిలబడింది. బరువున్న చోటు కిందికి వచ్చింది. దానికి సరిగ్గా పైన ఒక చిన్న సీసం ముక్క తగిలించాడు. మళ్ళీ తిప్పాడు. ఈసారి వేరే చోట ఆగింది. ముక్కని గోరంత జరిపాడు. మళ్ళీ. చివరికి చక్రాన్ని ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. పైకి లాగేదీ లేదు, కిందికి లాగేదీ లేదు. నాలుగు చక్రాలూ ఒక్కొక్కటిగా అదే ఇరుసు మీద, అలాగే.

అవతల కార్లు తిరుగుతున్నాయి, గడియారం నడుస్తోంది, కానీ మా చుట్టూ చేరిన జనం ఆట చూడటం మానేశారు. చక్రం ఆగేదాకా అందరూ ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తూనే ఉంది. గుళ్ళో గర్భగుడి తలుపు తీసే ముందు ఉండే నిశ్శబ్దం లాంటిది. ఒక ముసలి చెయ్యి ఒక చక్రాన్ని నిశ్చలంగా నిలబెట్టడం నేను కళ్ళారా చూశాను. ఏ కేటలాగులోనూ అది లేదు.

చివరి నట్టు బిగించేసరికి గంటకి ఇంకా కొన్ని నిమిషాలు ఉన్నాయి. మావ కూర్చున్న చోటే కూర్చుండిపోయాడు. టీచరు గారు తన మంచినీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టారు. తర్వాత నావైపు తిరిగారు.

"ముందు ఒక చుట్టు మామూలుగా తిప్పి చూసుకోనిస్తారు. పక్కన ఒక మనిషి కూర్చోవచ్చు. రా."

"నేనా?"

"చెప్పిందానివి నువ్వే కదా. సరిగ్గా ఉందో లేదో నాతో కూర్చుని చూడు."

ఎవరిదో హెల్మెట్ నా తల మీద పెట్టారు. బెల్టు బిగించారు. లోపల నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. బండి కదిలింది.

నేను భయపడతాననుకున్నాను. భయం వేసింది కూడా, మొదటి మలుపు దాకా. ఆవిడ స్టీరింగు తిప్పినప్పుడు కారు ఒరిగింది, కోన్లు పక్కనుంచి జారిపోయాయి, నా ఒళ్ళంతా తలుపు వైపు లాగింది. కింద టైరు సన్నగా ఒక స్వరం పట్టింది. ఆ స్వరం తెగలేదు. ఆవిడ మొహం చూశాను. బడికి వెళ్ళే మనిషి మొహం కాదు, ఆటాడే మనిషి మొహం కూడా కాదు. పాట వింటున్న మనిషి మొహం. చేతులు స్టీరింగు మీద వదులుగా, దాదాపు నిమిరినట్టు ఉన్నాయి. చక్రాల కింది నేల ఆవిడ వేళ్ళ దాకా వస్తోందని నాకు అర్థమైంది. తడి, గరుకు, సిమెంటు పలకల మధ్య అతుకు, అన్నీ.

గోదాం గోడ ఎదురుగా వచ్చింది. పెద్దదవుతోంది. పాత ఇటుకలు, వాటి మీద పాచి, ఒక్కొక్కటీ విడిగా కనబడింది. "ఇప్పుడు," అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. బ్రేకు, స్టీరింగు, వదలడం. నాలుగు అరచేతులు నేలని పట్టుకున్నాయి. నిజంగా పట్టుకున్నాయి. నేను డైరీలో రాసుకున్న ఆ వాక్యం నా వెన్నులోంచి పోయింది. గోడ పక్కకి తిరిగి, వెనక్కి వెళ్ళిపోయింది. మా ముందు తడి ఆవరణ, తుంపర, తెల్లటి వెలుతురు.

ఆగాక దిగలేకపోయాను. కళ్ళలో నీళ్ళున్నాయి, ఎందుకో తెలియదు. "బాగుందా?" అన్నారు ఆవిడ. తలూపాను. మాటలు రాకపోవడం ఆ ఒక్కసారికి సిగ్గు వల్ల కాదు.

తర్వాత ఆవిడ ఒక్కరే గడియారం మీద తిప్పారు. బహుమతి రాలేదు. మొదటి స్థానం మందుల షాపు ఆయనది. కానీ తన పాత సమయం కంటే తగ్గిందట. చిన్నపిల్లలా రెండు చేతులూ పైకెత్తారు. ఎర్ర కారు అదే టైర్ల మీద ఇంటికి వెళ్ళింది, మర్నాడు బడికి.

తిరుగుదారిలో ట్రక్కు ఓనరు గారే నడిపారు. మావ నిద్రపోయాడు. చీపురుపల్లి దాటాక ఓనరు గారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగారు.

"ఇలగ లోపలిపక్క, బయటిపక్క ఏరేగా ఉన్న టైర్లు ఇంకెన్ని బళ్ళకి ఏసినాం?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. జవాబూ తెలుసు. "ఏడు బళ్ళకి. కార్డులున్నాయి. అన్నీ తారీఖు బయటికే."

ఎదురొచ్చిన లారీకి దారి ఇచ్చారు. నన్ను పొమ్మంటారేమో అనుకున్నాను. అంటే తప్పు కూడా లేదు.

"రేపు పొద్దున్నే ఏడుగురికీ ఫోను సెయ్యి. నువ్వే సెయ్యాల. రమ్మను, ఊరికే మార్సి పంపుదుము."

రైల్లో ఎవరైనా టైము అడిగితే చేతి గడియారం చూపించే మనిషిని నేను. తెలియనివాళ్ళకి ఫోను చెయ్యడం నా జీవితంలో లేదు. సోమవారం పొద్దున్న కార్డులు ఏడూ బల్ల మీద పేర్చుకున్నాను. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను. మొదటి నంబరు నొక్కాను. ఒక ధాన్యం మిల్లు ఆయనది.

"ఎవులు?" వెనక మిల్లు ఆడుతున్న చప్పుడు, చెవి పగిలిపోయేలా.

కాగితం చూసి మెల్లగా చదివాను.

"ఏటీ? ఇనపడ్నేదు! గట్టిగా సెప్పు!"

మళ్ళీ చదివాను, కొంచెం పెద్దగా.

"మిల్లాడతన్నాది తల్లీ! ఏటి, టైర్లకేటైంది? తప్పెవులిది?"

కాగితం పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. "మీ టైర్లు మేము తిరగేసి బిగించామండీ! తప్పు మాదే! బండి మెల్లగా నడపండి, తీసుకురండి, మారుస్తాం!"

వీధిలో టీ కొట్టు దగ్గర మనుషులు తలలు తిప్పారు. మావ కడ్డీ పట్టుకుని అలాగే చూస్తున్నాడు. ఓనరు గారు పేపరు దించారు.

"ఆఁ, ఇప్పుడినపడింది," అన్నాడు మిల్లు ఆయన. "మజ్జాన్నం తెస్తాను."

నేను కూర్చోలేదు. నిలబడే రెండో కార్డు తీశాను.